మైనపు పాము మీద పేరు

అనగనగా అంటే మన గోదావరి ఒడ్డున కాదు పిల్లలూ, ఇంకా చాలా దూరం. ఈజిప్టు దేశంలో, నైలు నది ఒడ్డున, అక్కడి రాతి గుడులు ఇంకా కొత్తగా మెరుస్తున్న రోజుల్లో, నెబెత్ అనే ఆవిడ ఉండేది. పొడుగాటి మట్టి గొట్టాలు వరసగా పేర్చి, వాటిలో తేనెటీగలను పెంచేది. తేనె ఊరికి, మైనం గుడికి ఇచ్చేది. అదే ఆమె బతుకు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, సెన్బీ. తల్లి పోయేనాటికి వాడికి ఇంకా నడకైనా సరిగ్గా రాలేదు. నెబెత్ వాణ్ణి చంకన వేసుకునే తేనె తీసింది, చంకన వేసుకునే నీళ్ళు తెచ్చింది. వాడు పెద్దవాడయ్యాక గొట్టాల్లో సగం వాడికే పంచి ఇచ్చింది.

ఆ దేశంలో ఒక నమ్మకం ఉండేది. సూర్యదేవుడు పగలంతా పడవెక్కి ఆకాశంలో తిరిగి, పొద్దుగూకగానే భూమి కింది చీకటిలోకి దిగుతాడట. అక్కడ అపెప్ అనే మహాసర్పం ఆయనను మింగాలని నోరు తెరుచుకుని కాచుకుని ఉంటుందట. అందుకని ఏటా ఒకనాడు ఊరివాళ్ళంతా మైనంతో పాము చేసి, ముల్లుతో దాని మీద అపెప్ అని గీసి, ఉమ్మి, ఎడమ కాలితో తొక్కి, గుడి ముందు మంటలో వేసేవారు. ఇక్కడ మైనం కరిగితే అక్కడ పాము బలం కరుగుతుందని వాళ్ళ ధీమా.

ఇంకో మాట కూడా చెప్పుకునేవారు. ఆ పాము మీద మనిషి పేరు గీసి కాల్చితే, ఆ మనిషి బతకడట. కనుక ఎవరూ గీసేవారు కాదు. కనీసం, గీశామని ఒప్పుకున్నవాళ్ళెవరూ లేరు.

ఆ ఏడు సెన్బీకి దుర్బుద్ధి పుట్టింది. గుడివాళ్ళు ఎప్పుడూ అక్క మైనాన్నే మెచ్చుకుంటుంటే వాడికి కడుపు మండింది. తిన్నగా గుడికి వెళ్ళి, "మా అక్క మైనంలో మేక కొవ్వు కలుపుతుంది" అని చెప్పి వచ్చాడు.

సొంత తమ్ముడే చెప్పాడాయె, అందరూ నమ్మారు. గుడివాళ్ళు ఆమె మైనం ముద్దలను వెనక్కి పంపేశారు. రోజూ వేలు ముంచి తేనె నాకడానికి వచ్చే పిల్లలను తల్లులు రెక్క పట్టుకుని లాక్కుపోయారు. నెబెత్‌కు అన్నిటికంటే అదే ఎక్కువ బాధ కలిగించింది.

పాముల పండుగ రానే వచ్చింది. మధ్యాహ్నం నెబెత్ గొట్టాల ముందు కూర్చుని, వెనక్కి వచ్చిన మైనంతోనే పాము చేసింది. ఖర్జూరపు ముల్లు తీసుకుని దాని మీద సెన్బీ అని గీసింది.

ఒక ముసలి తేనెటీగ వచ్చి ఆ పేరు మీద వాలింది. "ఇది పాము పేరు కాదే అమ్మాయ్" అంది.

"ఇవాళ్టికి ఇదే పాము పేరు. నేను పెంచినవాడే నన్ను కాటేశాడు" అంది నెబెత్.

"మేమూ నిన్ను కుడుతూనే ఉంటాం. మమ్మల్ని పెంచడం మానేశావా ఏమిటి?"

నెబెత్ తేనెటీగను మెల్లగా పక్కకు జరిపింది. బొటనవేలితో ఆ పేరు చెరిపేసింది.

అంతలో గోడ అవతల ఎవరో తల్లి తన బిడ్డతో అంటోంది: "అటు పోకు నాన్నా, అది కొవ్వు కలిపేవాళ్ళ ఇల్లు." ఆ మాట చెవిన పడగానే నెబెత్‌కు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ ముల్లు తీసి మళ్ళీ గీసింది.

"మళ్ళీనా?" అంది తేనెటీగ.

"పాపం చేసినవాణ్ణి ఊరికే వదిలేస్తారా? సెత్ దేవుడు ఏం చేశాడో తెలీదూ? సొంత అన్న ఒసిరిస్‌ను పెట్టెలో పెట్టి నదిలో తోసి చంపాడు. వాణ్ణి మాత్రం ఎవరు క్షమించారు?"

తేనెటీగ రెక్కలు ముడుచుకుని నెమ్మదిగా పలికింది. "అప్పుడు సూర్యదేవుడు ఏడ్చాడట. ఆ కన్నీళ్ళు నేల మీద పడి తేనెటీగలయ్యాయట. మా పుట్టుక గురించి మా పెద్దలు చెప్పేది ఇదే. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకున్నాక ఆయన సెత్‌ను మంటలో వేయలేదు. చేతికి ఈటె ఇచ్చి తన పడవ ముందు నిలబెట్టాడు. రోజూ అపెప్‌ను పొడిచేది అతనే."

"అన్నను చంపిన చెయ్యేనా?"

"ఆ చెయ్యే. దానిలో దూరిన పాము వదిలాక, పామును పొడవడానికి అదే పనికొచ్చింది."

నెబెత్ ముల్లు కింద పెట్టింది. రెండోసారి కూడా పేరు చెరిపేసింది.

కానీ పొద్దు వాలాక గుడికి బయలుదేరబోతూ గుమ్మం పక్కన చూసింది. వెనక్కి వచ్చిన మైనం ముద్దలు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఆమె గుండె మళ్ళీ రాయి అయిపోయింది. మూడోసారి ఇంకా లోతుగా సెన్బీ అని గీసింది.  చెప్పవలసింది చెప్పేసింది కనుక తేనెటీగ గూటిలోకి వెళ్ళిపోయింది.

గుడి ముందు మంట భగభగ మండుతోంది. పూజారమ్మ పక్కన నిలబడి ఒక్కొక్కరినే పిలుస్తోంది. నెబెత్ పామును గుప్పిట్లో దాచుకుని వరసలో నిలబడింది. ముందు సెన్బీ ఉన్నాడు. వాడి చేతిలోనూ పాము ఉంది, దాన్ని గుడ్డతో కప్పుకున్నాడు. నా పేరే గీసి ఉంటాడనుకుంది నెబెత్.

వాడి వంతు వచ్చింది. ఉమ్మలేదు, తొక్కలేదు. పామును కళ్ళకద్దుకుని మంట వైపు చెయ్యి చాచాడు. నెబెత్ ఒక్క అంగలో వెళ్ళి వాడి మణికట్టు పట్టుకుంది.

"చూపించు."

"వద్దక్కా."

గుడ్డ లాగేసి చూసింది. దాని మీద సెన్బీ అని రాసి ఉంది.

"నీ పేరే గీసుకున్నావేరా?"

"నేను చెప్పింది అబద్ధమక్కా. నిజం ఒప్పుకుందామని రోజూ అనుకున్నాను, నోరు రాలేదు. నేను పోతే నీ బాధ తీరుతుందనిపించింది."

నెబెత్‌కు దుఃఖం ఆగలేదు. "నిన్ను కాల్చుకోడానికా నేను పెంచుకున్నది?" అని గుప్పిట విప్పింది. "ఇదిగో, నేనూ అదే పేరు గీశాను."

సెన్బీ తల దించుకున్నాడు. "నువ్వు సరిగ్గానే గీశావక్కా."

"తప్పుగా గీశాను. ఇద్దరం తప్పే గీశాం. ముందు ఆ నిజమేదో అందరికీ వినబడేటట్టు చెప్పు."

సెన్బీ ఊరివాళ్ళ వైపు తిరిగాడు. "మా అక్క మైనం స్వచ్ఛమైనది. కుళ్ళుబోతుతనంతో నేనే అబద్ధమాడాను" అన్నాడు. 

నెబెత్ రెండు పాములనూ కలిపి పిసికి ఒక్క పామును చేసింది. తమ్ముడి చేతికి ముల్లు ఇచ్చింది. "పొద్దు దిగిపోతోంది, కానివ్వండి" అని పూజారమ్మ తొందరపెట్టింది. సెన్బీ అపెప్ అని రాశాడు. ఇద్దరూ దాని మీద ఉమ్మారు. కంగారులో వాడు కుడి కాలు ఎత్తబోతే, "ఎడమ కాలురా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూనే.

పాము మంటలో పడింది. కొవ్వు కమురు ఒక్కరికీ తగల్లేదు. గుడి ముందంతా తేనె వాసన గుప్పుమంది. పూజారమ్మ నెబెత్ దగ్గరికి వచ్చి, వచ్చే పండుగకు మైనం మీ ఇంటి నుంచే రావాలంది. "మా ఇద్దరి ఇళ్ళ నుంచీ వస్తుంది" అని, నెబెత్ తమ్ముడి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

వాళ్ళు ఇంటికి చేరారు, కథ నైలు ఒడ్డుకు చేరింది, ఇక మనం పక్కల మీదికి చేరదాం. కళ్ళు మూసుకునేముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: చెడుకు మన మనిషి పేరు పెట్టామంటే, మనిషే పోతాడు గాని చెడు పోదు.