కెజీయా తెచ్చిన కలగలుపు బియ్యం

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా పాకే వయసులో ఉన్ననాడు, గోదావరి నడుమ లంకలో బేతనియపేట అని ఓ చిన్న ఊరుండేది. చుట్టూ నీళ్ళు, నడుమ వరిచేలు, ఓ చివర తాటాకు కప్పిన ప్రార్థన మందిరం.

ఆ పేట ఆడవాళ్ళకి ఒక అలవాటు. పొయ్యిమీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి, "ఇది ప్రభువుది" అని పక్కనున్న ముంతలో వేసేవారు. ఆదివారం ఆ ముంతలన్నీ మందిరంలోని పెద్దకుండలోకి చేరేవి. దిక్కులేనివాళ్ళకు ఆ కుండే దిక్కు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఎవరిమీదైనా మనసులో మంట పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి, అంటే ఆదివారం అందరూ రొట్టె పంచుకునే చోటికి, రాకూడదు. ముందు సమాధానపడాలి, తరవాతే రొట్టె ముట్టాలి.

ఒక ఏడు వరద తీశాక, కెజీయా అనే విధవరాలు చిన్న కూతుర్ని చంకనేసుకుని ఆ పేటకు వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి వడ్లు దంచేది, బియ్యం చెరిగేది. కూలికింద నూకలు ఇచ్చేవారు. శనివారం శనివారం ఎవరూ చెప్పకుండానే మందిరం ఊడ్చేది.

ఆమె కూడా ఆదివారం ముంత తెచ్చింది. అది కుండలో ఒంపుతుంటే పక్కవాళ్ళు చూశారు. అన్నీ నిండు గింజలే. పైగా కొన్ని ఎర్రవి, కొన్ని సన్నవి, కొన్ని లావువి.

ఇక చూడండి, గుసగుసలు మొదలయ్యాయి. ఎవరింట్లో అయినా ఒక రకం బియ్యమే వండుతారు. అన్ని రకాలూ కలిసేది మందిరం కుండలో మాత్రమే. నూకలు తెచ్చుకునే మనిషికి నిండు గింజలు ఎక్కడివి?

సంఘపెద్ద నతానియేలు తాత దగ్గరికి ముందుగా పరంజ్యోతమ్మ వచ్చింది. పేటలో పెద్ద ఇల్లు ఆమెది. ఊడ్చే వంకతో కుండలో చెయ్యి పెడుతోందనీ, ప్రభువు బియ్యమే దొంగిలించి ప్రభువుకే కానుక ఇస్తోందనీ చెప్పింది. వచ్చే ఆదివారంలోగా తల్లినీ పిల్లనీ పడవెక్కించి పంపెయ్యాలంది. తాతకు అది నిజమే అనిపించింది.

తరవాత పడవ సంసోను వచ్చాడు. పేరుకి బలశాలి సంసోనే గాని, తెడ్డు కంటే నోరే ఎక్కువ ఆడేది. దొంగతనం కాదు, ఆవలి ఒడ్డున మన సంఘం పేరు చెప్పి అడుక్కుంటోందన్నాడు. కళ్ళారా చూశావా అంటే, చూడక్కర్లేదు, తెలిసిపోతోందన్నాడు. తాతకు అదీ నిజమే అనిపించింది.

చివరికి దీవెనయ్య వచ్చాడు. మెత్తటి మనిషి. తీర్పు తీర్చడం మన పని కాదు, ఏమీ అడగవద్దు, క్షమించేద్దాం, కుండని మాత్రం మా ఇంట్లో పెట్టిద్దాం అన్నాడు. అది మరీ నిజమనిపించింది తాతకు.

ముగ్గురూ వెళ్ళాక ఆయన మోకాళ్ళూనాడు.

"ప్రభువా, ముగ్గురూ నీ పేరు మీదే మాట్లాడారు. ఇందులో నీ మాట ఏది?"

ఆకాశం నుంచి జవాబేమీ రాలేదు. కానీ ఆయనకు చిన్ననాటి నుంచి విన్న సువార్త సంగతి ఒకటి మనసులో మెదిలింది. ఊరంతా చెడ్డగా చెప్పుకునే ఒక స్త్రీ నీళ్ళకు వస్తే, ప్రభువు ఆమె గురించి ఊరివాళ్ళని వాకబు చెయ్యలేదు. బావి దగ్గర కూర్చుని, ఆమెనే దాహం అడిగాడు.

తాత లేచి కర్ర తీసుకున్నాడు. కెజీయా పాక ముందు ఆగి మంచినీళ్ళు అడిగాడు.

ఆమె గబగబా చెంబు తెచ్చింది. గుమ్మంలో ఆమె ఏరుతూ వదిలిన చేట నిండా నూకలున్నాయి. పక్కన కూతురు నూకల జావ తాగుతోంది.

"ఏం ఏరుతున్నావమ్మా?" అన్నాడు తాత.

"నూకల్లో అక్కడొకటి ఇక్కడొకటి నిండు గింజ దొర్లి వస్తుంది తాతా. విరగనివి ప్రభువుకి, విరిగినవి మాకు."

తాత చెంబు దించాడు. నీ గురించి పేటలో ఏమనుకుంటున్నారో తెలుసా అని మెల్లగా అడిగాడు.

"తెలుసు. అడిగితే చెబుదామనే ఉన్నాను. ఎవరూ అడగలేదు."

ఆదివారం వచ్చింది. రొట్టె మీద కప్పిన గుడ్డ తాత తియ్యలేదు. కెజీయా ముంత తీసుకుని, తెల్లటి పంచె పరిచి అందులో ఒంపాడు. ఎవరి గింజలు వాళ్ళు గుర్తుపట్టమన్నాడు.

"ఆ ఎర్రవి మావే. నేను చెప్పలేదూ?" అంది పరంజ్యోతమ్మ. సన్నవి మావన్నాడు సంసోను. లావువి తమవని దీవెనయ్య గొణిగాడు.

"మీ ముగ్గురిళ్ళలో వడ్లు దంచేదెవరు?" అన్నాడు తాత.

కెజీయాయే అన్నారు.

"మీరిచ్చిన నూకల్లోంచి ఒక్కొక్క గింజా ఏరింది. బిడ్డకి నూకలు కాచిపోసి, ఈ గింజలు ఇక్కడికి తెచ్చింది. మీరు నాతో అన్నారు, నేను మీ మాట విన్నాను. ఆమెతో మాత్రం మనలో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ తప్పు నాదీను."

తాత గుడ్డ ముట్టుకోకుండా అలాగే నిలబడ్డాడు.

అప్పుడు పరంజ్యోతమ్మ లేచింది. ముందు చాప మీద నుంచి ఆడవాళ్ళందరినీ దాటుకుంటూ వెనక్కి నడిచి, కెజీయా ముందు కూర్చుంది.

"మా వాకిట్లో నువ్వు చెరుగుతుంటే నీ ఎదురుగానే కూర్చుంటాను. ఒక్క మాట అడగలేకపోయాను. నన్ను క్షమించమ్మా."

కెజీయా కూతుర్ని ఒళ్ళోకి తీసుకుని, చాప మీద ఆమెకు కాస్త చోటిచ్చింది. సంసోనూ దీవెనయ్యా కూడా వచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు.

తాత రొట్టె మీది గుడ్డ తీశాడు.

బిడ్డలారా, ఒక మనిషి గురించి పదిమందీ పది మాటలు చెప్పినప్పుడు, నిజం కావాలనుకునేవాడు ప్రభువులాగా ఆ మనిషి దగ్గరికే ప్రేమతో వెళ్ళి అడగాలి.