ఇంటి దగ్గరే తేల్చుకున్న ప్రపంచయాత్ర ఖర్చు

దేవుడు తెలివిని పంచిపెట్టిన నాడు దొప్పలపాలెం జనమంతా జీడితోటల్లో గింజలేరుకుంటూ ఉండిపోయారనీ, ఇంటిపట్టున ఉండి ఊరందరి వాటాలూ అందుకున్నది తమ కుటుంబమొక్కటేననీ మంగతాయారు గట్టి నమ్మకం. ఆ తెలివిని ముగ్గురూ సమానంగా పంచుకున్నారు: తాను, తన భర్త గవర్రాజు, తన తమ్ముడు నూకరాజు. వానాకాలంలో ఇల్లు కారితే గవర్రాజు నట్టింట్లో గొడుగు వేసుకుని కూర్చుని, "ఊళ్ళో ఇంకెవడికైనా తట్టిందా ఈ ఉపాయం?" అని మీసం దువ్వేవాడు. నిజమే, ఎవరికీ తట్టలేదు. వాళ్ళంతా అమాయకంగా ఇంటికప్పు బాగుచేయించుకునేవారు.

ఇంతటి తెలివి ఒక్క ఊరిలోనే మగ్గిపోవడం అన్యాయమని తోచి, ఆలుమగలు ప్రపంచయాత్రకు సంకల్పించారు. జీడితోట అమ్మిన సొమ్మును బియ్యపు డబ్బాలో భద్రపరచారు. మంగతాయారుకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. ఆకాశం నుండి రాలే మంచును కళ్ళారా చూడాలి. చూసి వస్తానని ఇంటింటికీ వెళ్ళి చెప్పింది కూడా. చెప్పిన తరువాత చూడకపోతే నలుగురిలో తలెత్తుకోవడమెలాగ?

పట్నంలో యాత్రలు నడిపే శేషారత్నం గారు వారిని కూర్చోబెట్టి వివరంగా చెప్పింది.

"సీట్ల సొమ్ము శుక్రవారం సాయంత్రానికల్లా కట్టాలి. లేకపోతే మీ సీట్లు ఇంకొకరికి పోతాయి. తక్కినది దారి ఖర్చు. రోజుకు ఎంతవుతుందో ఇంటి దగ్గరే తేల్చుకోండి. గాలి లెక్కలు మాత్రం వేయకండి. బస, తిండి, తిరుగుడు, అన్నీ చూసుకోండి. అనుకోని ఖర్చు కూడా ఒకటి ఉంటుంది సుమండీ!"

ఇంటికి రాగానే గవర్రాజు పంకా ఆపి, కిటికీలన్నీ బిగించాడు. గాలి చొరబడే సందు లేకుండా చేసి, ముగ్గురూ చెమటలు కక్కుతూ లెక్కకు కూర్చున్నారు.

"ఏమండీ, రోజుకు ఎంతవుతుందంటారు?" అని అడిగింది మంగతాయారు.

"ఖర్చు పెట్టకుండా ఎంతవుతుందో ఎలా తెలుస్తుందే? అన్నం తినకుండా కడుపు నిండిందో లేదో చెప్పగలవా?"

"అయితే పెట్టి చూద్దాం. ఇంటి దగ్గరే తేల్చుకోమన్నారు కదా ఆవిడ!"

అంతే. ప్రపంచమంతా ఇంట్లోకి వచ్చేసింది. పడకగది హోటలయింది. వంటిల్లు చలిదేశమయింది. వసారాలోని ఉయ్యాలబల్ల విమానమయింది. హోటలు యజమానీ, టాక్సీవాడూ, విమానం నడిపేవాడూ నూకరాజే అయినాడు.

గవర్రాజు సంచి భుజాన వేసుకుని తన పడకగది తలుపు తాను తట్టాడు.

"గది ఉందా అండీ?"

"మీరెవరండీ?" అన్నాడు నూకరాజు లోపలి నుండి.

"ఓరి నీ దుంపతెగ, నేనురా, మీ బావని!"

"బావలకు వేరే రేటు లేదండి. విదేశాల్లో గదంటే మాటలా? ముందు డబ్బు కట్టండి, తరువాత పడుకోండి."

మంగతాయారు మురిసిపోయింది. "చూశారా మావాడి నిజాయితీ! సొంత బావ అయినా ఒక్క రూపాయి తగ్గించలేదు." బియ్యపు డబ్బా మూత తీసి నోట్ల కట్ట తమ్ముడి చేతిలో పెట్టింది. రోజూ ఏ మంచం మీద పడుకునేవారో ఆ మంచం మీదనే, అద్దె చెల్లించి మరీ పడుకున్నారు.

మరునాడు టాక్సీ ఎక్కారు. టాక్సీ అంటే ఎరువు మోసే తోపుడుబండి. పడకగది నుండి వంటింటికి నాలుగడుగులు. నూకరాజు మాత్రం వాళ్ళను ఇంటి చుట్టూ, పశువులపాక చుట్టూ, పక్కవారి గడ్డివాము చుట్టూ తిప్పి తిప్పి తీసుకువెళ్ళాడు.

"ఎక్కడికిరా ఇలాగ?" అని గవర్రాజు కేకలు వేశాడు.

"పరాయి ఊళ్ళో టాక్సీవాళ్ళు చుట్టుదారిన తిప్పుతారు బావా. నేను సూటిగా తీసుకుపోతే లెక్క తప్పదూ?"

గడ్డివాము మలుపులో చక్రం ఊడి ఇద్దరూ పేడకుప్ప మీద పడ్డారు. లేచి, దులుపుకుని, తిప్పినంత దూరానికీ లెక్కకట్టి డబ్బిచ్చారు.

ఆపైన చలిదేశం. హార్బరు దగ్గర చేపల పెట్టెలలో పోసే ఐసును నూకరాజు బండెడు తెచ్చి, పొడికొట్టి, అటక ఎక్కి కుమ్మరించాడు. ఇంకేముంది! పొయ్యి ఆరింది, పప్పులు తడిసినవి, పిండి ముద్దయింది. మంగతాయారు ముఖం పైకెత్తి ఆశగా నిలుచున్నది. ముక్కు మీద ఒక చేప పొలుసు వచ్చి పడింది.

"ఒరే, మంచు ఇలాగ కంపు కొడుతుందేమిట్రా?"

"విదేశీ మంచు కదక్కా, మనకు కొత్త. అలవాటైతే పోతుంది."

మంగతాయారుకు ఏడుపు వచ్చినంత పనయింది. జీవితమంతా కలలు కన్నది దీనికోసమా? కాదు, కానే కాదు. అసలు మంచు వేరే ఉండి తీరుతుంది. సీట్లు ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. పళ్ళు కటకటలాడుతుండగానే ఆమె అలాగ నిశ్చయించుకున్నది. నిశ్చయించుకుని, చలిదేశపు ఖర్చు కింద డబ్బాలోని పెద్ద కట్ట తీసి తమ్ముడికిచ్చింది.

చిట్టచివరకు అనుకోని ఖర్చు ఒక్కటే మిగిలింది. దాని దగ్గర మహా చిక్కు వచ్చి పడింది.

"ఏమై ఉంటుందంటారు?" అన్నది మంగతాయారు.

"హుష్! అనుకోకే! అనుకున్నావంటే అది అనుకున్న ఖర్చైపోతుంది."

"మీరు అనుకుంటున్నారా?"

"అనుకోకూడదని అనుకుంటున్నాను."

"మీరిద్దరూ ఏమీ అనుకోకుండా విమానంలో కూర్చోండి. ఆ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు నూకరాజు.

ఇద్దరూ ఉయ్యాలబల్ల ఎక్కారు. విమానంలో బెల్టు కట్టుకుంటారని విన్నందువల్ల, బట్టలారేసే తాడుతో నడుములు బిగించుకున్నారు. కళ్ళు మూసుకుని ఏమీ అనుకోకుండా ఊగుతున్నారు. నూకరాజు చడీచప్పుడు లేకుండా నిచ్చెన ఎక్కి, దూలానికున్న కొక్కెం ఊడదీశాడు.

దబ్! విమానం దిగింది. గవర్రాజు కాలు మడత పడింది. వైద్యుడు వచ్చి, కట్టుకట్టి, ఫీజు తీసుకుని, ముగ్గురి వంకా అదోలాగ చూసి వెళ్ళిపోయాడు.

"భలేరా నూకరాజూ! రవ్వంత కూడా అనుకోలేదు సుమా!" అని గవర్రాజు మూలుగుతూనే మెచ్చుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ముగ్గురూ శేషారత్నం గారి ముందు వాలారు. మంగతాయారు లెక్కంతా అప్పజెప్పింది. ఆవిడ విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నది.

"అమ్మా, ప్రతిరోజూ వైద్యుడి ఫీజు ఎందుకు?"

"రోజువారీ ఖర్చు కదండీ. ఆయన రోజూ పడాలి."

"పడకపోతే?"

"పడకపోతే ఆ డబ్బు మిగిలిపోయి లెక్క పాడవుతుంది. మీరు బెంగపెట్టుకోకండి, సొమ్ము చాలకపోతే భోజనం తగ్గించుకుంటాం. వైద్యుణ్ణి మాత్రం తగ్గించలేం."

"సరే తల్లీ. సీట్ల సొమ్ము ఏదీ?"

మంగతాయారు బియ్యపు డబ్బా తెరిచి చూపింది. అడుగున నాలుగు బియ్యపు గింజలు, ఒక పురుగు. తక్కినదంతా పక్కనే కూర్చున్న నూకరాజు ఒడిలోని సంచిలో ఉన్నది.

"అయితే ఆ సంచి ఇలాగివ్వవయ్యా" అన్నది శేషారత్నం.

నూకరాజు సంచిని గట్టిగా వాటేసుకున్నాడు. "ఎలాగిస్తానండీ? ఇది వాళ్ళ డబ్బు కాదు. ఇది నా హోటలు డబ్బు, టాక్సీ డబ్బు, ఐసు డబ్బు. ఖర్చైపోయిన డబ్బు తిరిగి రావడం ఎక్కడైనా చూశారా?"

"వాడు చెప్పినదాంట్లో న్యాయముందండీ" అన్నది మంగతాయారు. అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. ఊళ్ళో ముఖం ఎలా చూపించడం? మంచు ఎలా చూడడం? గోడ గడియారం సాయంత్రం వైపు పరుగెడుతున్నది.

శేషారత్నం కంఠం తగ్గించి అడిగింది. "అమ్మా, ఆ హోటలు ఎలాగున్నది?"

"మంచం నిండా నల్లులండీ."

"టాక్సీ?"

"దారిలో చక్రం ఊడింది."

"చలిదేశం?"

"కంపండీ బాబూ!"

"మరి ఫిర్యాదు చేయలేదేం? పరువుగల హోటలైతే ఫిర్యాదు రాగానే సొమ్ము వాపసు ఇస్తుంది. అదీ పద్ధతి."

నూకరాజు ముఖం పాలిపోయింది. తటాలున లేచి, తువ్వాలు నడుముకు చుట్టి చేతులు కట్టుకున్నాడు. "క్షమించండమ్మా. మా హోటలుకు ఇంతవరకు చెడ్డపేరు లేదు. ఇదిగో మీ డబ్బు." సంచి అక్క చేతిలో పెట్టాడు. మంగతాయారు ఆ సంచిని శేషారత్నం బల్ల మీద బోర్లించింది. తలుపులు మూసే వేళకు రెండు సీట్లూ ఖాయమయినవి. శేషారత్నం గారు ఒక పెద్ద గ్లాసు చల్లని మజ్జిగ తెప్పించుకుని, ఒక్కతే తాగింది.

ప్రయాణం నాడు, సాగనంపడానికి వచ్చిన నూకరాజును బయట గోడ దగ్గర ఉంచి, విమానాశ్రయంలో వరుసలో నిలుచున్నప్పుడు మంగతాయారు బుర్రలో ఒక మెరుపు మెరిసింది.

"ఏమండీ, ఫిర్యాదు చేస్తే సొమ్ము వాపసు ఇస్తారు కదా! దిగిన తరువాతైతే అందరూ ఎగబడతారు. ఎక్కకముందే చేసేద్దాం."

"ఏమని చేస్తాం?"

"విమానం కిటికీలు తెరుచుకోవట. ఇందాక ఎవరో అంటుంటే విన్నాను."

కౌంటరులోని అమ్మాయి ఎంతో ఓర్పుగా చెప్పింది. "కిటికీలు తెరుచుకునే విమానాలు ఉండవండీ. మీకు ఇష్టం లేకపోతే టికెట్లు రద్దు చేయగలను. కొంత కోసుకుని మిగిలినది ఇస్తారు. రద్దు చేయమంటారా?"

"చేయమ్మా, చేయి! నూరేళ్ళు చల్లగా ఉండు."

"కోత ఎందుకే?" అని గొణిగాడు గవర్రాజు.

"కొంత ప్రపంచం ఇంట్లోనే చూసేశాం కదండీ. దాని తాలూకు కోసుకున్నారు. ఎంత ధర్మాత్ములో!"

సొమ్ము తీసుకుని, చంకలు గుద్దుకుంటూ విమానం ఎక్కబోయారు. ద్వారం దగ్గర టికెట్లు అడిగారు. లేవు. ఇంకేముంది, మర్యాదగా బయటకు సాగనంపారు. వారు గోడ పక్కకు చేరేసరికి విమానం చెవులు పగిలే మోతతో తలల మీదుగా లేచిపోయింది.

"అయ్యో, మన సీట్లు పోతున్నాయే!" అని గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు.

మంగతాయారు క్షణకాలం గుడ్లప్పగించి చూసింది. అంతలోనే ముఖం విప్పారింది.

"పోనివ్వండి, మంచిదే. రెండూ ఖాళీ సీట్లు. చలిదేశంలో కురిసే మంచు మొత్తం వాటి మీదనే పడుతుంది. కిటికీలు తెరుచుకోవు కాబట్టి దారిలో ఒలికిపోయే భయం లేదు. తిరిగి ఇక్కడికే కదా వచ్చేది!"

ఆమె గోడ నీడన చతికిలబడి, క్యారియరు విప్పి, భర్త ముందు ఒక గిన్నె, తమ్ముడి ముందు ఒక గిన్నె పెట్టింది.

"ఆ పులిహోర తొందరగా తినేయండి. మంచు వచ్చేసరికి గిన్నెలు ఖాళీగా ఉండాలి."