పిలుపులు మింగిన చిలక

అనగనగా మణిగిరి అనే రాజ్యం. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. మూడోవాడి పేరు కువలయుడు. పేరుంటే ఏం లాభం, ఆ పేరు పెట్టి వాణ్ణి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఎందుకంటే, ఏడు సముద్రాల అవతల ధూమ్రదండి అనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి ప్రాణం వాడి చిలకలో ఉంది. "నన్ను పిలిచే దిక్కు లేదు. ఇక లోకంలో ఎవరికీ పిలుపు ఉండకూడదు. పలికినవాళ్ళు పలికినట్టే రాయైపోవాలి" అని శపించాడు. ఎవరు ఎవరిని పిలిచినా ఆ పిలుపును చిలక మింగేసేది, పలికినవాళ్ళు రాళ్ళయ్యేవాళ్ళు.

మహారాణి పెద్దకొడుకుని అన్నానికి రమ్మంది. "వస్తున్నానమ్మా" అన్నాడు, రాయైపోయాడు. రాజుగారు రెండోవాణ్ణి పిలిచారు. వాడూ పలికాడు, వాడూ రాయైపోయాడు. మూడోవాణ్ణి ఇక ఎవరూ పిలవలేదు. రాణి కంచంలో అన్నం పెట్టి, గడప దగ్గర వదిలి, నోట్లో కొంగు కుక్కుకుని వెళ్ళిపోయేది. ఊరంతా అంతే. తలుపులు మూసుకుని ఎవరింట్లో వాళ్ళు. అంత పెద్ద కోటలో కువలయుడికి ఎంత దిగులో నేను చెప్పలేను. ఒకరోజు గోడవైపు తిరిగి తన పేరు తనే పిలుచుకోబోయి, ఎక్కడ పలికేస్తానో అని నోరు మూసుకున్నాడు.

చివరికి మాంత్రికుణ్ణి చంపుదామని కత్తి, విల్లు పట్టుకుని బయల్దేరాడు. సముద్రపు ఒడ్డున ముసలి తాబేలు ఉంది. "ఎక్కు" అంది. ఎక్కాడు. ఒక సముద్రం దాటాడు, రెండో సముద్రం దాటాడు, అలా ఏడూ దాటాడు. తాబేలు మాటకారి కాదు. దారి పొడుగునా "జారిపోకు" అన్న ముక్క తప్ప ఇంకేమీ అనలేదు.

అవతలి ఒడ్డున ఒక గుహ. లోపలికి తొంగిచూస్తే మాంత్రికుడు భోజనానికి కూర్చుంటున్నాడు. రెండు విస్తళ్ళు వేశాడు. ఒకదాంట్లో తను తిన్నాడు. రెండోది అలాగే ఉండిపోయింది. కువలయుడు ఒక్క ఉదుటున కత్తి దూశాడు. కత్తి వాడి మెడకు తగిలి వంగిపోయింది. చిలక మీద బాణం వేస్తే అది వెనక్కి తిరిగొచ్చింది. మాంత్రికుడు ఉఫ్ అని ఊదాడు. కువలయుడు ఎగిరి ఏడు సముద్రాల ఇవతల పడ్డాడు.

పడ్డచోట ఒక వింత. ఇసుకలో నాలుగు రాటలు పాతి, పైన తాటాకులు కప్పి, మొహాలకు రంగులు పూసుకుని కొందరు నాటకం ఆడుతున్నారు. "మంత్రీ!" "చిత్తం మహారాజా!" పిలుస్తున్నారు, పలుకుతున్నారు, ఒక్కరూ రాయి కావడం లేదు!

ఆట నడిపే ముసలమ్మ పేరు గురవాంబ. "రంగు పడిందంటే, కడుక్కునేదాకా మాలో ఎవరికీ సొంతపేరు ఉండదు. పిలిచేది వేషాన్ని, పలికేది వేషం. శాపం మనిషినేం చేస్తుంది?" అంది. "నిన్నూ నోరారా పిలవాలని ఉంది. ఆగు, ముందు రంగు వేయనీ."

ఆవిడ మనవరాలు చెంగలువ వాడి మొహానికి రంగు పూసింది. నాటకంలో ముసలితల్లి చిన్నకొడుకు వేషం ఖాళీగా ఉంటే అదిచ్చారు. గురవాంబ తల్లి వేషంలో వచ్చి పిలిచింది. "చిన్నోడా, పొద్దుపోయింది, అన్నానికి రా."

వాడు అనాల్సింది ఒక్కటే మాట. అది అనబోయి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడుపు ఆపు, రంగు కారిపోతోంది" అని కసిరింది చెంగలువ. కసిరిందే కానీ తన కళ్ళూ తుడుచుకుంది.

ఈ సంగతి మణిగిరిలో పాకింది. మూసుకున్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. "మాకూ రంగు పూయండి. గాడిద వేషమైనా సరే, ఒక్కసారి పిలిపించుకుని పోతాం" అంటూ వచ్చారు. సాలెవాడు రాజయ్యాడు, కుమ్మరమ్మ దేవకన్య అయింది. సాయంత్రమైతే ఒడ్డంతా పిలుపులే. కానీ రంగు కడుక్కుంటే మళ్ళీ ఎవరి ఇల్లు వాళ్ళదే, మళ్ళీ అదే మౌనం.

వేషాల పిలుపులు మింగుడుపడక చిలక చిక్కిపోయింది. మాంత్రికుడు మండిపడి వచ్చాడు. "ఈ ఆట ముగియగానే పందిరినీ మిమ్మల్నీ బూడిద చేస్తాను" అని, చిలకను భుజాన పెట్టుకుని అందరికీ దూరంగా ఓ మూల కూర్చున్నాడు.

వణుకుతూనే ఆట మొదలెట్టారు. తల్లి పిలిచే ఘట్టం దగ్గర పడేకొద్దీ మాంత్రికుడు ముందుకు వంగుతున్నాడు. కువలయుడు అది చూశాడు. వాడికి ఆ రెండో విస్తరి గుర్తొచ్చింది. గురవాంబ చెవిలో అన్నాడు: "ఈసారి నన్ను పిలవకండి. అటు తిరిగి పిలవండి."

గురవాంబ మాంత్రికుడి వైపు తిరిగింది. "ఒక్కడివే అక్కడ కూర్చున్నావేం నాయనా? పొద్దుపోయింది, అన్నానికి రా."

మాంత్రికుడి మొహాన రంగు లేదు. తన శాపం తనకు తెలియదా? బాగా తెలుసు. చిలక వద్దు వద్దని అరిచింది. వాడు పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"వస్తున్నానమ్మా" అన్నాడు. లేవబోతూ లేవబోతూ రాయైపోయాడు.

చిలక మింగిన పిలుపులన్నీ కక్కేసి ఎగిరిపోయింది. "అత్తా! పెద్దోడా! ఒసే పిల్లా!" ఏ పిలుపు ఎవరిదో వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళింది. శాపం పెట్టినవాడు తప్ప, రాళ్ళన్నీ కదిలి మనుషులయ్యాయి. అందరూ సంబరపడుతుంటే, కువలయుడు ఆ కొత్త రాయి ముందు విస్తరి వేసి అన్నం వడ్డించాడు.

అయినా వాడికి భయం పోలేదు. రంగు మొహంతోనే కోటకు వెళ్ళాడు. గడపలో అన్నలిద్దరూ నిలబడి ఉన్నారు. రాణి కొంగు తడిపి వాడి రంగంతా తుడిచింది. తుడిచి ఆగింది. ఆవిడకీ భయమే.

"కువలయా, అన్నానికి రా."

"వస్తున్నానమ్మా" అన్నాడు. అని, నడిచి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాడు.

తర్వాత చెంగలువను పెళ్ళాడాడు. అన్నలతో కలిసి చాలాకాలం రాజ్యం ఏలాడు. ఏటా ఆ ఒడ్డున నాటకం వేయించి, మొట్టమొదట ఆ రాయినే పిలిపించేవాడు.

అదుగో, మిమ్మల్నీ అన్నానికి పిలుస్తున్నారు. పలకండి, ఏం ఫరవాలేదు.