నిట్రాడు పీకిన వేదాంతం

పూలలంకలో సూరాయమ్మ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెక్కడా లేరు. ఈ మాట ఊళ్ళోవాళ్ళది కాదండోయ్, సూరాయమ్మ ఇంటివాళ్ళదే. పెద్దకొడుకు పోలయ్య తలలోంచి తెలివి ఆవిరైపోతుందని తలపాగా బిగించి కట్టేవాడు. చిన్నకొడుకు గవరయ్య జలుబు చేసినా చీదేవాడు కాదు, దాంతోపాటు ఎంత తెలివి పోతుందో ఎవరు చూడొచ్చారని. ఇద్దర్నీ చూసుకుని, ఇంత తెలివీ ఒక్క కొంపలోనే పెట్టడం మిగతా ఊరికి అన్యాయమేనని ఆ తల్లి నొచ్చుకునేది.

అలాంటి ఇంటికి మనవడు రాబోతున్నాడు. పురిటికి పుట్టింటికెళ్ళిన పోలయ్య పెళ్ళాం నూకాలు అయిదో నెల బిడ్డతో మర్నాడు వస్తోంది. తీసుకొచ్చేది ఆమె తండ్రి తాతబ్బాయి. మనవడి నెత్తిన ఒక్క చినుకు పడినా బండి అటునుంచటే తిప్పేస్తానని ఆయన ముందే కబురంపాడు. సూరాయమ్మదేమో తాటాకు పాక. నట్టనడుమ కప్పుని మోసే నిట్రాడు, చుట్టూ నాలుగు గుంజలు, గోడలకు బదులు తడికలు. కప్పు జల్లెడలా కారుతోంది. కొత్త ఆకు వాకిట్లో పడుంది. మనవణ్ణి ఇంకా కళ్ళారా చూడని సూరాయమ్మకి ఒకటే బెంగ. పొద్దున్నే కప్పేస్తాంలే అని కొడుకులు ఆ సాయంత్రం ఆవిణ్ణి పురాణానికి తీసుకెళ్ళారు.

పురాణం చెప్పే పంతులుగారు పెద్దాయన, మంచి మనిషి. దేవుడికి చేతకానిది లేదన్నారు. ఆయన్ని ఎవరూ పుట్టించలేదు, తల్లీ లేదు, తండ్రీ లేడు, తనంతట తానే ఉన్నాడన్నారు. లోకాలన్నిటికీ ఆధారం ఆయనే, ఆయనకి మాత్రం ఏ ఆధారమూ అక్కర్లేదన్నారు. జనం దణ్ణం పెట్టుకుని లేచారు. సూరాయమ్మ లేవలేదు. చూస్తే కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి.

"తల్లి లేదంట్రా ఆ బిడ్డకి. చిన్నప్పుడు ఒంటికి నూనె ఎవరు రాశార్రా?" అంది.

దారి పొడుగునా అదే గొడవ. అన్నీ చేతనైనవాడు నూనె తనే రాసుకునుంటాడన్నాడు పోలయ్య. మరి వీపుకో అన్నాడు గవరయ్య. ఆయనకి నాలుగు చేతులు, వెనకవి అందుకేనన్నాడు పోలయ్య. తన్ను తాను చేసుకునేటప్పుడు ఎక్కడ నిలబడి చేసుకున్నాడని తమ్ముడు మళ్ళీ అడిగాడు. అన్నం చల్లారిపోయింది గానీ అది తేల్లేదు. చివరికి గవరయ్య అసలు పేచీ పెట్టాడు. అన్నీ చేతనవుతాయి కదా, తానే లేపలేనంత బరువుని దేవుడు చెయ్యగలడా? చేస్తాడన్నాడు పోలయ్య. అయితే దాన్ని లేపలేడన్నమాట. లేపుతాడన్నాడు. అయితే లేపలేనంత బరువు చెయ్యడం చేతకాలేదన్నమాట. పోలయ్య తలపాగా ఇంకాస్త బిగించాడు.

ఇది తేలకుండా కప్పెక్కడం తెలివైనవాళ్ళ పని కాదు. తేల్చడానికి బండరాయి కావాలి. లంకంతా ఒండ్రుమట్టి, ఎంత వెతికినా గులకరాయి కూడా దొరకదు. లేపలేనంత బరువైనా, తినలేనంత కారమైనా లెక్క ఒకటేనన్నాడు గవరయ్య. అంతే, తెల్లారేసరికి పొయ్యి రాజేసి, ఏడాదికని దాచిన మిరపకాయలన్నీ కుండలో పోసి పులుసు కాచారు. వీధి వీధంతా తుమ్ములే తుమ్ములు. పులుసైతే కాగింది, మరి తినే దేవుడేడీ? దేవుడు అందరిలోనూ ఉన్నాడని పంతులుగారే అన్నారు గనక, తను తింటే ఆయన తిన్నట్టేనని పోలయ్య గరిటెడు నోట్లో పోసుకున్నాడు.

ఇంకేముంది, పరుగున పోయి కుడితి గోలెంలో తల ముంచేశాడు. తినలేకపోయాడు కాబట్టి దేవుడు ఓడాడన్నాడు గవరయ్య. తినలేనంత కారం కాచగలిగాడు కాబట్టి గెలిచాడని పోలయ్య సైగ చేశాడు, నాలుక వాచి మాట రావట్లేదు మరి. దేవుడికి ఇంకో అవకాశం ఇద్దామని మళ్ళీ గరిటె అందుకున్నాడు. సూరాయమ్మ అడ్డంపడి, తల్లి లేని బిడ్డని ఇలా ఏడిపిస్తారా అని తిట్టి, పోలయ్య నోట్లో బెల్లంముక్క పెట్టి, వాడి వీపు నిమిరి దేవుణ్ణి ఓదార్చింది.

ఈలోగా మబ్బు పట్టింది. బెదిరిపోయి ఇద్దరూ కప్పెక్కారు. ఉన్నమాట చెప్పుకోవాలి, దున్నపోతుల్లాంటి మనుషులు, పనిలోకి దిగితే దిగినట్టే. మధ్యాహ్నానికల్లా కొత్త ఆకు కప్పేశారు. చినుకు కాదు గదా, వెలుగు కూడా దూరే సందు లేదు. సూరాయమ్మ మురిసిపోయింది. అక్కడితో ఊరుకునుంటే నాకు ఈ కథ చెప్పే పనే లేదు.

గవరయ్య పాకలో వెల్లకిలా పడుకుని, ఈ కప్పుని మోస్తున్నదెవరని అడిగాడు. నిట్రాడు. నిట్రాడుని? నేల. నేలని? దేవుడు. మరి దేవుణ్ణి? ఎవరూ లేరు, ఆయనకి ఆధారం అక్కర్లేదు. అంతా మోసేది ఆయనే అయితే మధ్యలో ఈ దుంగ దేనికి? దేవుడి మీద నమ్మకం లేక తాతలు పాతిన దుంగ ఇది. మనవడు అడుగుపెట్టే ఇంట్లో ఇంత అపచారమా అని సూరాయమ్మ చెంపలేసుకుంది. అంతే. పోలయ్య నిట్రాడుని కావలించుకుని, వదిలేస్తున్నాం, పట్టుకో అని దేవుడికి మర్యాదగా చెప్పి మరీ పీకేశాడు.

కప్పు దిగింది. గుంజలు వాలాయి, తడికలు పడ్డాయి, కోడిపిల్లల మీద గంప బోర్లించినట్టు ఆ కప్పు ముగ్గురి మీదా కూర్చుంది. నడుమ ఎత్తున్న కప్పు గనక దెబ్బలు తగల్లేదు. దేవుడు పట్టుకోలేదని గవరయ్య అన్నాడు. పట్టుకోబట్టే నేల దగ్గర ఆగింది, లేకపోతే పాతాళానికి పోయేదన్నాడు పోలయ్య, వాచిన నాలుకతో.

చప్పుడుకి పంతులుగారు పరుగెత్తుకొచ్చి, సంగతి విని తల పట్టుకున్నారు. "నాయనా, దేవుడు ఆకాశంలోంచి చెయ్యి చాపడు. మన చేతులే ఆయన చేతులు. లేపండి" అన్నారు. ఇద్దరూ చెరోపక్కా భుజం పెట్టి లేపేసి, చేతులు పైకెత్తి కప్పుని మోస్తూ నిలబడిపోయారు. ఇక నిట్రాడు పాతండ్రా అని పంతులుగారు మొత్తుకుంటే, దేవుడి చేతులుండగా దుంగెందుకని నవ్వారు.

సరిగ్గా అప్పుడే బండి వచ్చింది. అత్తని చూసిన సంతోషంలో నూకాలు బిడ్డతో నేరుగా లోపలికెళ్ళిపోయింది. గుంజలుండాల్సిన చోట అల్లుడూ వాడి తమ్ముడూ ఉండడం చూసి తాతబ్బాయి బండిమీంచి ఒక్క దూకు దూకాడు. పిల్లాణ్ణి తీసుకుని బండెక్కమని కూతురి వెనకాలే దూరాడు. సూరాయమ్మ కాళ్ళావేళ్ళా పడింది. సరే, దుంగ నిలబెట్టేదాకా అన్నదమ్ములిద్దరూ కదలొద్దని ఆయనే నిట్రాడు ఎత్తబోయాడు.

సూరాయమ్మ కొడుకుల చేతులకేసి చూసింది. వణుకుతున్నాయి పాపం. ఇవి దేవుడి చేతులు, పంతులుగారే అన్నారు. పుట్టి బుద్ధెరిగి నూనె చుక్క ఎరగని చేతులు. నిన్నట్నుంచీ ఆవిడ ఏడుస్తున్నది దీనికే కదా. గబగబా నూనెగిన్నె తెచ్చి, ఒక్కో చెయ్యే దింపించి, ఇద్దరి అరచేతులకీ, అంటే నాలుగు అరచేతులకీ, మోచేతుల దాకా మర్దనా చేసింది.

"తల్లి లేదని బెంగపడకు నాయనా. నేనున్నాను" అంది.

ఇంకేముంది, చేతులు జారాయి. కప్పు మళ్ళీ దిగింది, ఈసారి వియ్యంకుడితో సహా. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, బండి బయటుంది, దాన్ని తిప్పాల్సినాయన లోపలున్నాడు. మరుక్షణం వాన దంచికొట్టింది. లోపల ఒక్క చినుకు లేదు. సూరాయమ్మ ఒళ్ళోకి మనవడొచ్చాడు. వాడి కేరింతలు వింటూ ఆవిడ మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

గవరయ్య పైకి తడిమి చూశాడు. నిట్రాడు లేదు, గుంజల్లేవు, చేతుల్లేవు. కప్పు మాత్రం ఉంది. ఏ ఆధారమూ లేకుండా తనంతట తానే ఉంది. అలా ఉండేదెవరో నిన్ననేగా విన్నది? తల్లీకొడుకులు ముగ్గురికీ ఒళ్ళు జలదరించింది. కూర్చున్నచోటే కప్పుకి దణ్ణం పెట్టారు.

ఇంతలో పంతులుగారు ఊళ్ళోవాళ్ళని పోగేసుకొచ్చి, బయట్నుంచి కప్పు లేపబోయారు. దేవుణ్ణి కదిలిస్తారా అని అన్నదమ్ములు నూనెచేతులు పోలయ్య తలపాగాకి తుడుచుకుని, వాసాలు పట్టుకుని కిందికి లాగారు. వదలండ్రా అని తాతబ్బాయి అరిచాడు. బయటివాళ్ళు బలమంతా పెట్టి ఓ పక్క జానెడు లేపారు. ఆ సందులోంచి జల్లు కొట్టి, మనవడి నెత్తిన టప్పున ఒక చినుకు పడింది.

తాతబ్బాయి మాటంటే మాట మీదుండే మనిషి. బండి తిప్పే దారి లేదు గనక, రెండో చినుకైనా పడకూడదని చటుక్కున తనూ ఓ వాసం పట్టుకుని వేలాడాడు. కప్పు మళ్ళీ నేలకి అతుక్కుంది.

గవరయ్య కళ్ళు మెరిశాయి. "అన్నా, తేలిపోయింది. బయట లేపేవీ దేవుడి చేతులే, లోపల లాగేవీ దేవుడి చేతులే. ఆయనే చేశాడు, ఆయనే లేపలేకపోతున్నాడు."

"అయితే గెలిచినట్టా, ఓడినట్టా?" అన్నాడు పోలయ్య.

"అది వాన వెలిశాక చూద్దాం గానీ," అన్నాడు తాతబ్బాయి రొప్పుతూ, "ముందు గట్టిగా లాగండ్రా."