నాచమ్మ ఒంటి మీద బుడిపెలు

ఒకప్పుడు సముద్రపు నాచు ఒంటి మీద ఒక్క బుడిపె కూడా ఉండేది కాదు. పట్టుకుంటే జారిపోయేంత నున్నగా ఉండేది.

భీమిలి దగ్గర, నీళ్ల అడుగున ఒక బండ. ఆ బండను పట్టుకుని నాచమ్మ ఉండేది. ఆమె ఒంట్లో పెరుగుదల రసం ఊరేది. అది ఎక్కడికి చేరితే అక్కడ ఒళ్లు పెరుగుతుంది. అందుకని నాచమ్మ ఆ రసాన్నంతా చిట్టచివరన ఉన్న తన చిగురుకే పంపేది. వానలు పడి నీళ్లు బురదయ్యేలోగా చిగురు వెలుగు దగ్గరికి చేరాలి. లేకపోతే చీకట్లో వాడిపోతుంది. అదే ఆమె బెంగ.

ఒకరోజు బాక్టీరియాల గుంపొకటి కొట్టుకొచ్చింది. కంటికి కనపడనంత చిన్నవి.

"నాచమ్మా, కెరటాలు మమ్మల్ని ఎక్కడా నిలవనివ్వడం లేదు. కాస్త చోటివ్వవా?" అని బతిమాలాయి.

నాచమ్మ మనసు వెన్న. "అయ్యో, రండి నాయనా!" అంటూ నడుము దగ్గర చోటిచ్చింది. ఇంటికొచ్చినవాళ్లకి ఏమీ పెట్టకుండా ఎలా? పెరుగుదల రసమే వడ్డించింది. "చాలు నాచమ్మా" అన్నా వింటేనా! "మొహమాటపడకండి, ఇంకొంచెం" అంటూ కొసరి కొసరి పోసింది.

పోసిన చోటల్లా ఒళ్లు ఉబ్బింది. నడుము మీద గోలీకాయంత బుడిపె లేచింది.

"అమ్మా, ఆకలే!" పైనుంచి చిగురు సన్నగా పిలిచింది. అది అప్పటికే పాలిపోయింది. నాచమ్మ గుండె ఝల్లుమంది. మర్యాదల్లో పడి కన్నబిడ్డనే మరిచిపోయింది! పైకి చూస్తే మబ్బులు పట్టి నీళ్లు మసకబారుతున్నాయి.

"వీళ్లని పొమ్మంటే ఎక్కడికి పోతారు? ఉండమంటే నా బిడ్డ ఏమైపోతుంది?" అని భోరుమంది.

బాక్టీరియాల్లో పెద్దది సిగ్గుపడిపోయింది. "ఏడవకమ్మా. ఆ రసం కాచడం మాకూ వచ్చు. ఈ బుడిపెలోనే ఉంటాం, మా రసం మేమే కాచుకుంటాం. నీది నీ బిడ్డకి పంపుకో."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అని కసిరింది నాచమ్మ.

"నువ్వు చెప్పనిస్తేగా!"

నాచమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఉన్న రసమంతా పైకి పంపింది. చిగురు గబగబా తాగి, పచ్చబడి, ఒళ్లు విరుచుకుని లేచింది. తొలి వాన పడే వేళకి వెలుగును అందుకుంది.

అప్పటినుంచే కొన్ని నాచుల ఒంటి మీద బుడిపెలు ఉంటున్నాయి. లోపల బాక్టీరియాలు తమ రసం తామే కాచుకుంటాయి, బుడిపె ఉబ్బుతూ ఉంటుంది. పైన చిగురు మాత్రం వెలుగు వైపు పెరుగుతూనే ఉంటుంది.