ఎనిమిది రాజుగారిది, రెండు పోలమ్మది

ఏ రాజ్యమో నన్నడగకండమ్మా, అష్టాచెమ్మా పిచ్చి పట్టిన రాజ్యం అనుకోండి. అక్కడి రాజు పాలమ్ముకునే పోలమ్మ గేదె మీద కన్నేశాడు. ఆ గేదె పాల మీదే ఆమె ఇల్లు గడిచేది.

"నాలుగు గవ్వలు వేద్దాం. చెరో అంకె కోరుకుందాం. ఎవరి అంకె ముందు పడితే గేదె వాళ్లది" అన్నాడు రాజు. "నేను రాజుని. నాకు అన్నిటికన్నా పెద్దదే కావాలి. ఎనిమిది నాది!"

"నాకు రెండు చాలు ప్రభూ" అంది పోలమ్మ.

అంత చిన్న కోరికా అని సభంతా పకపకా నవ్వింది. రాజు గవ్వలు గలగలలాడించి వేశాడు. మూడు పడింది. మళ్లీ వేశాడు. ఒకటి. ఇంకోసారి వేస్తే, రెండు గవ్వలు వెల్లకిలా, రెండు బోర్లా!

"మంత్రం వేశావే!" అని అరిచాడు రాజు.

"అయ్యో, మంత్రమెక్కడిది ప్రభూ! ఎనిమిది పడాలంటే నాలుగు గవ్వలూ ఒక్కమాట మీద బోర్లా పడాలి. రెండు పడాలంటేనో, ఏ రెండు కలిసి వెల్లకిలా పడ్డా సరే, తక్కిన రెండూ బోర్లా పడితే చాలు. ఎన్ని జతలు కుదురుతాయో చూడండి! మీ నలుగురు మంత్రులు మాత్రం ఎప్పుడైనా ఒక్కమాట మీద ఉన్నారా?"

రాజు మంత్రుల వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఉన్నారా?"

"ఎప్పుడూ ఉన్నాం ప్రభూ" అన్నారు ఇద్దరు.

"ఏనాడున్నాం ప్రభూ?" అన్నారు తక్కిన ఇద్దరు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, పోలమ్మ గేదె పలుపు పట్టుకుని ఇంటిదారి పట్టింది.