తొమ్మిది పావులు, పన్నెండు ముక్కలు

ఎప్పటి మాటో నాకూ తెలీదు గాని పిల్లలూ, మందారపురమనే రాజ్యాన్ని కుంజరసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు వజ్రకేతు, రెండోవాడు పుష్పకేతు, ఆఖరిది వకుళ. అడిగినవాళ్లకి లేదనకపోవడం రాజుగారి గొప్ప. ఆ గొప్పే ఆయన కొంప ముంచింది.

ఒకరోజు పొద్దున్నే కొలువులోకి ఒక సన్యాసి వచ్చాడు. ఎర్రటి కళ్లు, పొగలాంటి గొంతు. "మహారాజా! నాకు నిద్ర పట్టక ఏళ్లు గడిచాయి. మీ రాజ్యంలో బోలెడు నిద్ర ఉంది. అందులో రెండు పావులు నాకు దానం చెయ్యండి" అన్నాడు.

"పావులేగా, తీసుకో!" అని రాజు చెంబు వంచి నీళ్లు ధారపోశాడు.

"మహారాజా, ఇంకొక్క చిన్న కోరిక. ఎనిమిదో వంతులు ఓ నాలుగు ఇప్పించండి."

"ఎనిమిదో వంతంటే పావు కన్నా చిన్నది. అదీ తీసుకో!" అని రాజు మళ్లీ చెంబు ఎత్తాడు.

తండ్రి పక్కన కూచున్న వకుళ ఆయన ఉత్తరీయం కొస పట్టుకుని మడతలు పెడుతోంది. ఒక మడత పెట్టింది, సగమైంది. ఇంకో మడత పెట్టింది, నాలుగు పావులయ్యాయి. అందులో రెండు పావులు చూస్తే మొదటి సగమంతే ఉన్నాయి. మూడో మడత పెట్టింది, ఎనిమిది భాగాలయ్యాయి. అందులో నాలుగు చూస్తే మళ్లీ అదే సగం!

"నాన్నగారూ, ఆగండి! అది సగం, ఇదీ సగం! రెండూ కలిపితే మనకేమీ మిగలదు!"

అప్పటికే నీళ్లు సన్యాసి చేతిలో పడ్డాయి. వాడు పకపకా నవ్వాడు. వాడు సన్యాసీ కాదు, గిన్యాసీ కాదు. ఏడు సముద్రాల అవతల ఉండే ధూమకంఠుడనే మాంత్రికుడు. రాజ్యంలో నిద్రంతా ఒక సొరకాయ బుర్రలోకి లాగేసుకుని, బిరడా బిగించి మాయమైపోయాడు.

ఇక చూడండి మందారపురం అవస్థ! పడుకుందామంటే రెప్ప వాలదు, కూచుందామంటే కాలు నిలవదు. సాలెవాళ్లు మగ్గం ముందు కూచోలేక వీధులు పట్టుకు తిరిగారు. వంటవాళ్లు ఉప్పు వేశామో లేదో గుర్తులేక మూడుసార్లు వేశారు. చంటిపిల్లలు ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి ఓపిక లేక ఊరుకున్నారు. రాజుగారైతే అంతఃపురం ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూనే ఉన్నాడు. ఆయన అరికాళ్లు పగిలి రక్తం కారుతోంది.

"వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట. దాన్ని పట్టుకొస్తా" అని వజ్రకేతు ఓడెక్కాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే, తిరిగి రాలేదు. "అన్నని, చిలకని ఇద్దర్నీ తెస్తా" అని పుష్పకేతు ఓడెక్కాడు. అతనూ తిరిగి రాలేదు.

వకుళ బయల్దేరుతానంటే ఓడ నడిపేవాళ్లు దొరకలేదు. ఎవరి చేతుల్లోనూ తెడ్డు పట్టే బలం లేదు. అయినా ఆమె మూడు జొన్నరొట్టెలు మూట కట్టుకుని కాలినడకన బయల్దేరింది. దారిలో ఆకలేసి ఒక రొట్టెలో ముప్పావు తినేసింది. సముద్రం ఒడ్డు చేరేసరికి రెండు రొట్టెలు, ఒక పావు ముక్క మిగిలాయి.

ఒడ్డున కొండంత తాబేలు ఒకటి ఉంది. "తాతా, నన్ను ఏడు సముద్రాలూ దాటించవూ?" అని అడిగింది వకుళ.

"దాటిస్తా. నాకు తొమ్మిది పావులు రొట్టె పెట్టు. తక్కువైతే నడిసముద్రంలో నీరసమొస్తుంది. ఎక్కువైతే ఒళ్లు బరువెక్కి మునిగిపోతా."

"తొమ్మిదా! నా దగ్గర మూడు కూడా లేవే తాతా!"

"అయితే నీ ఇష్టం" అని తాబేలు తల లోపలికి లాక్కుంది.

వకుళకి ఏడుపొచ్చింది. ఇసకలో అటు నడిచింది, ఇటు నడిచింది. తండ్రి పగిలిన పాదాలు కళ్లముందు మెదిలాయి. నడుస్తూనే మూట విప్పింది. ఒక రొట్టెని సగానికి తుంపింది. ఆ సగాల్ని మళ్లీ సగానికి తుంపింది. నాలుగు పావులు! రెండో రొట్టెనీ అలాగే చేసింది. మరో నాలుగు. మొత్తం ఎనిమిది. విడిగా ఉన్న పావు ముక్క కలిపితే...

"తాతా, తొమ్మిది! రెండుంబావు రొట్టెలంటే తొమ్మిది పావులే!"

తాబేలు తల బయటికొచ్చింది. తొమ్మిదీ నమిలి మింగి, ఆమెని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, అలా ఏడూ దాటింది. దిగబోతుంటే చెప్పింది: "లెక్క తెలిసినదానివి గనక ఒక రహస్యం చెబుతాను, విను. మాంత్రికుడి తోటలో మూడు చిలకలున్నాయి. రోజూ మధ్యాహ్నం వాడు ఎంత తింటాడో, వాడి ప్రాణమున్న చిలక్కి సరిగ్గా అంతే పెడతాడు. రవ్వంత తేడా వచ్చినా వాడి ప్రాణం పోతుంది. తప్పు చిలకని ముట్టుకుంటే మాత్రం రాయివైపోతావు."

తోటలోకి అడుగుపెట్టగానే వకుళ ఆగిపోయింది. చెయ్యి చాచిన రాతి బొమ్మలు మూడు నిలబడి ఉన్నాయి. ఒకటి పెద్దన్న, ఒకటి చిన్నన్న. మూడోవాడెవరో తెలీదు, అతని తల మీద కిరీటముంది. ఆమె చెట్టు చాటున నక్కింది. కాళ్లు ఆగమంటే ఆగట్లేదు. చేత్తో మోకాళ్లు అదిమి పట్టుకుంది.

మధ్యాహ్నమైంది. ధూమకంఠుడు వచ్చి ఒక జామపండు తిన్నాడు. ఇంకోదాన్ని సగానికి కోసి, ఒక సగం తిన్నాడు. అంటే ఒకటిన్నర. తరవాత చిలకలకి పెట్టాడు. పచ్చ చిలక్కి ఒక నిండుపండు, ఒక పావు ముక్క. బంగారు చిలక్కి ఏడు పావు ముక్కలు. మూడోది ఈకలూడిన బక్క చిలక. దాని కోసం పళ్లు కోసి, పావులు చేసి, ఒక్కో పావునీ మళ్లీ రెండు చేసి, చిన్న చిన్న ముక్కలు గిన్నెలో పోశాడు. పోసి కునుకు తియ్యడానికి లోపలికి వెళ్లాడు.

కొమ్మ మీది ఉడత చూసి గుసగుసలాడింది. "అక్కా, పచ్చదాన్ని పట్టుకో! వాడిలాగే నిండుపండు, పక్కన ముక్క తింటోంది. ఇదిగో, ఈ పెద్ద బొమ్మ దాన్నే పట్టుకోబోయాడు."

"అందుకే రాయయ్యాడు. దానిది ఒకటింబావు. వాడు తిన్నది ఒకటిన్నర."

"అయితే బంగారుది! రెండో ఆయన, ఆ కిరీటం ఆయన దానికే చెయ్యి చాచారు."

"నాలుగు పావులు ఒక పండు. ఇంకా మూడు పావులు. ఒకటీ ముప్పావు. అదీ ఎక్కువే."

"మరి ఆ బక్కదానికి అన్నీ చిన్న ముక్కలేగా!"

వకుళ ఆ ముక్కలు లెక్కపెట్టింది. పదకొండు. నిద్రలేని కళ్లు మండుతున్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. పదమూడు! ఒక్క ముక్క తేడా వస్తే తానూ రాయే. అక్కడ నాన్న నడుస్తూనే ఉంటాడు. బక్క చిలక ఒక ముక్క ముక్కున కరచుకోబోతోంది. వకుళ పెదవి కొరుక్కుని, వేళ్లు మడుస్తూ మూడోసారి లెక్కపెట్టింది.

పన్నెండు.

'ఎనిమిది ముక్కలు ఒక నిండుపండు. మిగిలినవి నాలుగు. ఎనిమిదిలో నాలుగంటే సగం. ఒకటిన్నర!'

ఒక్క దూకు దూకి బక్క చిలకని పట్టుకుంది. చేతులు రాయి కాలేదు. లోపల్నుంచి ధూమకంఠుడు గొంతు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"రాకుమారీ, వదిలెయ్యి! నీ నిద్రలో నాలుగింట మూడు వంతులు ఇచ్చేస్తా. కాదంటావా, ఎనిమిదింట ఆరు వంతులు ఇస్తా! ఏది ఎక్కువో నువ్వే కోరుకో!"

వకుళకి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకి నవ్విందో! "రెండూ ఒకటే. నాకు మొత్తం కావాలి" అని చిలక మెడ మీద వేలు పెట్టింది.

వాడు వణుకుతూ సొరకాయ బుర్రలు రెండు తెచ్చాడు. ఒకటి మందారపురానిది, రెండోది ఆ కిరీటం యువకుడి రాజ్యానిది. బిరడాలు తీశాడు. తడిసిన మట్టివాసన లాంటి చల్లటి గాలి బయటికొచ్చి సముద్రం మీదుగా సాగిపోయింది. అది పోతుంటే వాడు ఉన్నట్టుండి చిలక మీదికి ఎగబడ్డాడు. వకుళ చేతులు విప్పేసింది. చిలక ఎగిరి ఏడు సముద్రాల మీదికి పోయింది. ప్రాణం దూరం పోయేకొద్దీ మాంత్రికుడు పలచబడి, పొగై, చెదిరిపోయాడు.

రాతి బొమ్మలు మెల్లగా కదిలాయి. అన్నలిద్దరూ వకుళని పట్టుకుని బావురుమన్నారు. మూడో అతను నీలాద్రిపురం యువరాజు మకరందుడు. అతను సిగ్గుపడుతూ అడిగాడు: "ఏడు ముక్కలు చూసి బంగారు చిలకే అనుకున్నాను. పన్నెండు చిన్న ముక్కల్లో ఒకటిన్నర ఉందని నీకెలా తెలిసింది?"

"కూచోండి, చెబుతాను" అంది వకుళ. ఒక జామపండు కోసి చూపించడం మొదలుపెట్టింది. ముక్కలు సగం తినేశారు గాని, అతనికి అర్థమయింది. ఆ తరవాత వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే అన్నలు దూరంగా జరిగి కూచున్నారు.

తాబేలు నలుగుర్నీ మోసుకొచ్చింది. మందారపురంలో వీధులన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. అంతఃపురం నడవలో, నడిచి నడిచి ఆగినచోటే, రాజుగారు నేల మీద గాఢంగా నిద్రపోతున్నాడు. వకుళ ఆయన పాదాల దగ్గర కూచుని, పగుళ్లకి వెన్న రాసింది. ఆయన లేవలేదు. మూడు రోజులు ఎవరూ ఆయన్ని లేపలేదు.

లేచాక వకుళకీ మకరందుడికీ పెళ్లి చేశాడు. పదహారు రోజులు ఊరంతా భోజనాలే. ఆ దంపతులు నీలాద్రిపురాన్ని నలభై రెండున్నరేళ్లు చల్లగా ఏలారు. వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఇంకా ఆ సముద్రం ఒడ్డునే హాయిగా ఉన్నారట, నాకు చెప్పినవాళ్లు అలాగే చెప్పారు.